పొంగనాల పెనం లాంటి సిమెంటు రోడ్డు

పాత ప్లాస్టిక్‌తో కట్టిన గళ్ళలో కాంక్రీటు పోసి నేను వేసే వీధి చూసి, "రోడ్డులో ఎంత ప్లాస్టిక్ కలిపావన్నా?" అని అందరూ అడుగుతారు. వంద మీటర్ల వీధికి వంద కిలోలు కూడా కాదు, ఒక లగేజీ ఆటోలో పట్టేంత అని చెబితే ముఖాలు చిన్నబోతాయి. "అంతేనా!" అంటారు. ఎంత సిమెంటు మిగిలిందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. 105 బస్తాలు. ఆ 105 బస్తాలు ఎలా మిగులుతాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తాడిపత్రి చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై రెండేళ్ళుగా సీసీ రోడ్లు, మురుగు కాలవలు, చిన్న కల్వర్టులు వేయించే కాంట్రాక్టర్ని నేను. డిప్లొమా చదివాను గానీ పని నేర్పింది బేల్దారి మేస్త్రీలే.

ముందు ఒక సంగతి విడదీయాలి. ప్లాస్టిక్ రోడ్డు అనగానే పేపర్లో వచ్చేది తారు రోడ్డు. మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన రాజగోపాలన్ వాసుదేవన్ గారి పద్ధతి అది. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. కంకరను 160 డిగ్రీల పైచిలుకు వేడి చేసి, సన్నగా తరిగిన ప్లాస్టిక్ తునకలు అందులో వేస్తే అవి కరిగి రాయికి పూతలా పట్టుకుంటాయి. ఆ తర్వాతే తారు పోస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో దీనికోసం ఎస్‌పీ 98 అనే నియమావళి తెచ్చింది. తారు బరువులో 6 నుంచి 8 శాతం దాకా ప్లాస్టిక్ వాడొచ్చు, పీవీసీ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. 2015లో కేంద్ర రహదారుల శాఖ 5 లక్షల జనాభా దాటిన పట్టణాలకు 50 కిలోమీటర్ల లోపు తారు పనుల్లో ప్లాస్టిక్ వాడమంది. 2011 లెక్కల్లో కర్నూలు, కడప, అనంతపురం మూడూ ఆ గీత కిందే ఉన్నాయి. అదీగాక మా పల్లె వీధుల్లో తారు వేసేవాళ్ళే లేరు. వాడిన నీళ్ళన్నీ వీధిలోకే వచ్చే చోట తారు నిలవదు. పల్లెలో వీధి అంటే సీసీనే. సీసీ అంటే సిమెంటు.

సిమెంటు ఎక్కడినుంచి వస్తుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇటు తాడిపత్రి, అటు కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, ఎటు తిరిగినా ఫ్యాక్టరీ గొట్టాలే. సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాలుస్తారు. కాల్చే బొగ్గు పొగ ఒక ఎత్తు. రాయి లోపల బంధించి ఉన్న కార్బన్ డయాక్సైడు బయటపడడం ఇంకో ఎత్తు. స్వచ్ఛమైన సున్నపురాయి బరువులో అదే 44 శాతం. బొగ్గు మానేసి కరెంటుతో కాల్చినా ఇది ఆగదు. థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు కూడా లెక్కలోకి తీసుకుంటే, మన దేశంలో టన్ను సిమెంటుకు రమారమి 600 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది. కాబట్టి మనలాంటి పనివాళ్ళ చేతిలో ఉన్నది ఒకటే, తక్కువ సిమెంటుతో అదే పని చేయించడం.

నాలుగంగుళాలు ఎలా సరిపోతుంది

మామూలు సీసీ వీధి ఆరంగుళాల మందం, అంటే 150 మిల్లీమీటర్లు. అది పెద్ద అట్టు లాంటిది. మీద ట్రాక్టరు చక్రం ఎక్కితే అట్టు మొత్తం కాస్త వంగబోతుంది, వంగితే కింది వైపు చీలుతుంది. మందం తగ్గిస్తే ఇంకా తొందరగా చీలుతుంది. దీనికి తోడు మా ఎండ. పగలు 43 డిగ్రీలు కాగి, రాత్రి చల్లారేటప్పుడు పెద్ద పలక ముడుచుకుంటుంది. అందుకే కొన్ని మీటర్లకొకసారి గాడి కోయాలని రాసి ఉంటుంది. మా వైపు ఎంతమంది కోస్తున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అదే సిమెంటును అట్టుగా కాకుండా గుంత పొంగనాలుగా పోస్తే? ఒక్కో పొంగనం 15 సెంటీమీటర్ల చదరం, నాలుగంగుళాల లోతు. ఇంత చిన్న ముక్క వంగదు. చక్రం బరువును పక్క ముక్కలకు ఒరుసుకుంటూ పంచి కింది గరుసు (గ్రావెల్) మీదకు దించేస్తుంది. ప్రతి గడీ ఒక జాయింటే కాబట్టి చల్లారి ముడుచుకున్నా పగులు కనిపించేంత సందు పడదు, గాళ్ళు కోసే పనీ లేదు. పొంగనాల పెనం స్థానంలో మనం వాడేది పాత ప్లాస్టిక్‌ను కరిగించి తీసిన పలచటి పట్టీల గళ్ళు. దక్షిణాఫ్రికాలో ముందు వాడారు, మన దగ్గర ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు పరిశోధన చేసి పల్లె రోడ్లకు కుదిర్చారు, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కొత్త పద్ధతుల్లో కూడా ఇది ఉంది. పేరు సెల్ ఫిల్డ్ కాంక్రీట్. మా కూలోళ్ళు మాత్రం పొంగనాల రోడ్డు అంటారు.

లెక్క వేసుకోండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు వీధి. ఆరంగుళాలైతే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు, నాలుగంగుళాలైతే 30. ఘనపు మీటరుకు 7 బస్తాల చొప్పున 315 బస్తాల బదులు 210. మిగిలింది ఐదు టన్నులు దాటిన సిమెంటు, మూడు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడు. దాంతోపాటు 15 ఘనపు మీటర్ల కాంక్రీటుకు పట్టే కంకర, ఇసుక, వాటిని మోసే టిప్పర్ల డీజిలు. ఇందులో మోసం జరిగే చోటు ఒకటుంది, చెప్పేస్తాను. గళ్ళలోకి ఎం-30 అనే గట్టి రకం కాంక్రీటు పోయాలి. మీరు ఇంతకుముందు తక్కువ సిమెంటుతో ఎం-20 పోసేవాళ్ళైతే 105 బస్తాలు మిగలవు, అరవై డెబ్బై దగ్గర ఆగుతుంది. పైన వేసిన లెక్క రెండు చోట్లా ఒకే రకం మాలు, అంటే కలిపిన కాంక్రీటు, పోస్తేనే.

మొదట కాగితం మీద

పని మొదలుపెట్టక ముందే ఎస్టిమేటులోనే ఈ పద్ధతి, ఈ మందం రాయించుకోండి. ఆరంగుళాలకు ఎస్టిమేటు వేసి ఉన్న పనిలో నాలుగంగుళాలు వేస్తే ఎవరైనా దొంగ పనే అంటారు. నన్నూ అన్నారు. ఒక ఊళ్ళో ఇంజనీరు గారు నోటిమాటగా సరేనన్నారని మొదలుపెట్టాను. పై నుంచి తనిఖీకి వచ్చినాయన రోడ్డుకు గుండ్రంగా కంత పెట్టి, తీసిన ముక్కను స్కేలుతో కొలిచి, నా వైపు చూశాడు. గళ్ళ సంగతి చెప్పేలోపు నోటీసు వచ్చింది. బిల్లు ఏడు నెలలు ఆగింది. ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఉంటేనే పని ఉన్నట్టు.

ప్లాస్టిక్ ఏరుకోవడం

మా జిల్లాలో చీనీ తోటలకు డ్రిప్పు వేయని రైతు అరుదు. ఐదారేళ్ళకు సన్న పైపులు పూడిపోయి, ఉడతలు కొరికి, చుట్టలు చుట్టలుగా గుజిరీ అంగడికి చేరతాయి. ఆ సన్న పైపులు పాలిథీన్ జాతి, బాగా పనికొస్తాయి. మట్టిలో పాతిన పెద్ద పైపులు పీవీసీ, అవి ఇందులో పడకూడదు. పాల ప్యాకెట్లు, నూనె క్యాన్లు, పాత నీళ్ళ డ్రమ్ములు పర్వాలేదు. పొలంలో చాళ్ళ మీద పరిచే మల్చింగ్ షీటు గురించి చాలామంది అడుగుతారు. దానికి అంటుకునే మట్టి బరువు షీటు బరువును మించిపోతుంది, కడిగే నీళ్ళు ఎక్కడ తెస్తాం? నేను వద్దంటాను.

బకెట్ నీళ్ళతో ఒక పరీక్ష చేయండి. వేలెడు ముక్క కోసి, కొంచెం సబ్బు నీటితో తడిపి, లోపలికి నొక్కి వదలండి. మునిగిపోతే పీవీసీయో, నీళ్ళ బాటిల్ రకమో. పక్కన పెట్టేయండి. తేలితే పాలిథీన్ గానీ పాలీప్రొపిలీన్ గానీ. ఈ రెండింటినీ కలపకండి. పాలిథీన్ చేతికి మైనం పూసినట్టు జారుతుంది. ఎరువుల సంచి, సిమెంటు సంచి అల్లిక పాలీప్రొపిలీన్, నలిపితే గరగరమంటుంది. ఈ తేడా నాకు చెప్పినవాళ్ళు లేరు. మా సామాన్ల షెడ్డు ముందర ఇరవై మీటర్లు మొదటిసారి ప్రయత్నించినప్పుడు రెండూ కలిపి తీసిన ప్లాస్టిక్ రేకుతో గళ్ళు కట్టించాను. పైకి అతుకులు చక్కగానే కనిపించాయి. మాలు బరువు పడగానే టప్ టప్ అని విడిపోయాయి. నాలుగైదు గళ్ళు కలిసి ఒక పెద్ద మడుగైంది. నెల తిరిగేసరికి సరిగ్గా అక్కడే వెంట్రుక మందాన పగులు. ఆ పగులు ఇప్పటికీ ఉంది, కొత్తగా పనిలో చేరిన పిల్లలకు చూపిస్తుంటాను.

ప్లాస్టిక్ కరిగించే పని మీరు పెట్టుకోకండి. పెరట్లో డ్రమ్ము పెట్టి కరిగించేవాళ్ళను చూశాను. ఆ పొగ మీ ఊపిరితిత్తుల్లోకి, పక్కింటి పసిపిల్లల్లోకి పోతుంది. ఏరి, కడిగి, ఆరబెట్టి రీసైక్లింగ్ యూనిట్‌కు ఇస్తే వాళ్ళు గుళికలు చేసి రేకు తీసిస్తారు. పావు మిల్లీ మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోయించి తెచ్చుకోండి.

గళ్ళు అతకడం

కవర్లు సీల్ చేసే వేడి మిషన్ ఉంటే చాలు. మా దగ్గర నలుగురు ఆడవాళ్ళు చెట్టు కింద బల్ల వేసుకుని అతికారు. మొదటి పట్టీ మీద రెండోది పెట్టి ప్రతి 30 సెంటీమీటర్లకు ఒక అతుకు. మూడోదాన్ని రెండోదానికి అతికేటప్పుడు ఆ అతుకులు పాత అతుకుల నడిమధ్య, అంటే 15 సెంటీమీటర్లు జరిగి పడాలి. నాలుగోది మళ్ళీ మొదటి వరుస చోట. ఇలా దొంతరగా పోయి చివర రెండు వైపులా పట్టుకుని లాగితే పెళ్ళి పందిట్లో రంగుకాగితం తోరణం విచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది. చదరపు మీటరుకు 44 గళ్ళు, పట్టీ పదమూడున్నర మీటర్లు, బరువు 300 గ్రాముల చిల్లర. బల్ల మీద మేకులు కొట్టి గుర్తులు పెట్టుకోకపోతే పదో పట్టీకల్లా కొలత తప్పుతుంది.

ప్రతి కట్టలో పది అతుకులు చేత్తో గట్టిగా లాగి చూడండి. అతుకు ఊడితే వేడి చాల్లేదు. అతుకు పక్కన రేకు చిరిగితే వేడి ఎక్కువై పలచబడింది. రేకు సాగి అతుకు నిలవాలి.

కింద గరుసు గట్టిగా ఉండాలి

పని మొత్తంలో నేను ఎక్కువ సేపు నిలబడేది ఇక్కడే. ఈ రోడ్డు పలక కాదు, బరువును కిందికి దించేస్తుంది కాబట్టి కిందిది మెత్తగా ఉంటే ముక్కలు ముక్కలుగా దిగబడుతుంది. నల్లరేగడి మీద నేరుగా వేయడం కన్నా డబ్బులు కాలవలో పారేయడం మేలు. వానకు ఉబ్బి, ఎండకు చెయ్యి పట్టేంత బీటలిచ్చే నేల అది. ముందు ఒక అడుగు రేగడి తీసేసి, ఎర్రగరుసు రెండు పొరలుగా వేసి, తడిపి, రోలరు తిప్పించండి. దాని మీద నాలుగంగుళాల కంకర పొర. రోలరు వెళ్ళాక బూటు మడమతో తన్నితే గుర్తు పడకూడదు. వీధి మధ్య ఎత్తు ఇక్కడే తేవాలి. మూడు మీటర్ల వెడల్పుకు నడుమ అంచుల కన్నా 3 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. తర్వాత కాంక్రీటుతో సర్దుదామంటే మందం ఒక చోట ఐదంగుళాలు, ఒక చోట మూడంగుళాలు అవుతుంది. మిగిలిన సిమెంటంతా అక్కడే పోతుంది.

పరవడం, పోయడం

రెండు అంచులకు నాలుగంగుళాల చానెళ్ళు పెట్టి, గళ్ళ కట్టను విప్పి, అడుగున్నర రాడ్డు ముక్కలు అంచు గళ్ళలో దిగ్గొట్టి బిగువుగా లాగండి. మా పనిలో ఒక అవ్వ గడప మీద కూర్చుని చాలాసేపు చూసి, "ఏం నాయనా, రోడ్డేస్తారా, దోమతెర కడతారా?" అంది. నిజంగానే దోమతెరలా గాలికి ఊగుతుంది. బిగువు లేని చోట గడి వాలిపోతుంది, వాలిన గడిలోకి మాలు సగమే దిగుతుంది. వేలితో మీటితే పట్టీ టింగుమనాలి.

మాలు విషయంలో మేస్త్రీతో గొడవ తప్పదు. నీళ్ళెక్కువైతే పని సులువు కాబట్టి అందరూ జారుడు మాలే కోరుకుంటారు. ఇక్కడ అంబలి కాదు, సంగటి కావాలి. పిడికిట్లో పట్టి ఒత్తి వదిలితే ముద్ద నిలవాలి, అరచేయి తడవాలి గానీ నీళ్ళు కారకూడదు. బస్తాకు 21 లీటర్లు దాటనివ్వను, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గిస్తాను. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నీళ్ళ కొలత డబ్బా పెట్టి, దాని పక్కన నమ్మకమైన మనిషిని పెట్టండి. గట్టి మాలును వైబ్రేటరుతో అదిమినప్పుడే కంకర గుచ్చుకుని పలచటి ప్లాస్టిక్ గోడ అటూ ఇటూ సొట్టలు పోతుంది. ఆ సొట్టలే ఒక ముక్కను ఇంకో ముక్కకు కొక్కెంలా పట్టి ఉంచుతాయి. జారుడు మాలు పోస్తే గోడ నున్నగా నిలబడిపోతుంది. అప్పుడు ప్రతి ముక్కా దాని దారి దానిది. ప్లాస్టిక్ రోడ్డుకు బలం ఇస్తుందనుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. అది బలం ఇవ్వదు, ఆకారం ఇస్తుంది.

ట్రాక్టరు ఎత్తి ఒక్కసారిగా గుమ్మరించకండి. తట్టలతోనే పోయాలి. ముందు అంచు వరుస, తర్వాత ఒక గడి విడిచి ఒక గడి, ఆపైన మిగిలినవి. పోసినవాళ్ళు గళ్ళ మీద నడవకుండా చెక్కలు వేయండి. గడి పైన ఒక వేలు ఎత్తు ఎక్కువ పోసి ప్లేట్ వైబ్రేటరు రెండుసార్లు తిప్పితే అది దిగి సమానమవుతుంది. సూది వైబ్రేటరు ఇక్కడ పనికిరాదు, గడిలో గుచ్చితే గోడ చించేస్తుంది. రాడ్డు ముక్కలు మర్చిపోకుండా పీకేయండి. ఒకసారి రెండు మర్చిపోయాం, ఒక బండి టైరు చెప్పింది.

సిమెంటు సంచి మీద పీపీసీ అని ఉంటే అందులో బూడిద ముందే కలిసి ఉంది. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం బూడిద దొరికింది కదా అని మళ్ళీ కలపకండి. బూడిద కలవని ఓపీసీ తెచ్చుకున్నప్పుడే ఆ ఆలోచన, అదీ ఏది ఎంత కలపాలో తేల్చే మిక్స్ డిజైన్ చేయించాకే.

మార్చి దాటాక తెల్లారి ఐదున్నరకు మొదలుపెట్టి పదింటికల్లా ఆపేస్తాం. పోసే ముందు కింది కంకరను తడపాలి, లేకపోతే అదే మాలులోని నీళ్ళు తాగేస్తుంది. వేళ్ళ ముద్ర పడనంత గట్టిపడగానే తడి గోతాలు కప్పి, మరునాడు మట్టి కట్టలు కట్టి నీళ్ళు నింపండి. కనీసం 14 రోజులు. ట్యాంకరు నీళ్ళు కొనాల్సిన ఊళ్ళో గోతాలే మేలు, పొద్దున మధ్యాహ్నం సాయంత్రం తడిపినా కట్ట నీళ్ళలో సగం కూడా పట్టవు. ట్రాక్టర్లను 28 రోజుల దాకా రానివ్వకండి. మనుషులు, గొర్రెలు మర్నాడే నడుస్తాయి, ఆపలేరు.

ఎక్కడ వద్దు

బండల ఫ్యాక్టరీల దారిలో వద్దు. గ్రానైటు దిమ్మె ఎక్కించుకున్న లారీ కింద ఇది ఆగదు. వంక అడ్డంగా పారే చోట వద్దు, నీళ్ళు అంచు కింద తొలిస్తే వరుసలు వరుసలుగా ఊడిపోతుంది. ప్లాస్టిక్ పైఅంచు బయటికి సన్నని గీతలా కనిపిస్తుంది, అది నిదానంగా అరుగుతుంది. అందుకే వైబ్రేటరు తిప్పాక నిలబడ్డ కొసలను మడిచి లోపలికి నొక్కేయిస్తాను. తరిగిన ముక్కలన్నీ సంచిలో పోగుచేసి మళ్ళీ యూనిట్‌కే పంపిస్తాను.

కుళాయి కోసం తవ్వాల్సి వస్తే

వస్తుంది. రోడ్డు వేసిన ఆరు నెలలకు ఎవరో ఒకరు పైపు కోసం తవ్వుతారు. మామూలు సీసీ అయితే బ్రేకరు తెచ్చి పగలగొడితే పక్క రెండడుగులు కూడా లేచిపోతుంది, ఆ గాయం మానదు. ఇక్కడ గునపం కొసను గీత వెంట పెట్టి ఒక గడిని పగలగొట్టండి, మొదటిదే కష్టం. తర్వాతవి ఒక్కొక్కటిగా పెకలి వస్తాయి. పైపు వేసి, గరుసును పొరలుగా దిమ్మిసతో కొట్టి, కొత్త గళ్ళ ముక్క పరిచి మళ్ళీ పోయాలి. దోమతెర అన్న అవ్వ ఇంటికి కుళాయి లాగినప్పుడు ఇరవై రెండు గళ్ళు తీశాం. సిమెంటు అర బస్తా కూడా పట్టలేదు. గోతం కప్పి, రెండు వారాలు తడపమని చెప్పి వచ్చాను. వారం తర్వాత వెళ్తే గోతం తీసి పక్కన పెట్టి అక్కడే వడియాలు ఎండబెట్టి ఉంది.